ఖేడ్ నుంచి అర్ధరాత్రి ఫోన్ వస్తే.. సర్కారు దవాఖానకా? ప్రైవేటుకా?

రాత్రి రెండు గంటలు. మీరు మియాపూర్‌లోనో, కూకట్‌పల్లిలోనో నిద్రలో ఉన్నారు. నారాయణఖేడ్ నుంచి తమ్ముడి ఫోన్. "అన్నా, నాయినకు ఛాతిల నొప్పి లేస్తున్నదట. చెమటలు వడుతున్నయ్. ఏడికి తీస్కపోవాలె?"

పట్నంలో ఉన్నవాళ్లలో చాలామంది నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒక్కటే. "కారు మాట్లాడి హైదరాబాద్ తీసుకొచ్చేయ్. ఇక్కడ మంచి ప్రైవేటు హాస్పిటల్‌లో చూపిద్దాం."

ప్రేమతో చెప్పిన మాటే. కానీ గుండెపోటు విషయంలో చాలాసార్లు అదే తప్పు జవాబు అవుతుంది. ఖేడ్ నుంచి సంగారెడ్డికి దాదాపు 80 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 120 కిలోమీటర్ల పైనే. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ప్రతి నిమిషం గుండె కండరం దెబ్బతింటూనే ఉంటుంది. ఆ రెండు, మూడు గంటలు ఈసీజీ లేకుండా, ఆక్సిజన్ లేకుండా, వైద్యుడు చూడకుండా కారు వెనక సీట్లో గడిచిపోతాయి.

అందుకే 'సర్కారా, ప్రైవేటా' అనే ప్రశ్నను కాస్త మార్చి అడగాలి. ఏ జబ్బుకు ఏ గడప ముందు తొక్కాలి? అక్కడ డబ్బు ఎవరు కడతారు? తేడా వస్తే ఎవరిని అడగాలి? నారాయణఖేడ్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఖేడ్ చుట్టుపక్కల సర్కారు వైద్యం ఎలా ఉంటుంది?

నారాయణఖేడ్ ఒకప్పుడు ఉమ్మడి మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన తర్వాత సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, కల్హేర్, సిర్గాపూర్ మండలాలకు పెద్ద పని ఏదున్నా ఖేడే కేంద్రం. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర సరిహద్దులు దగ్గర. జిల్లా కేంద్రం మాత్రం దూరం.

సర్కారు వైద్యం మెట్ల మాదిరిగా ఉంటుంది.

మొదటి మెట్టు ఊళ్లోని ఉపకేంద్రం. ఇప్పుడు చాలాచోట్ల పల్లె దవాఖాన అంటున్నారు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఉంటారు. టీకాలు, గర్భిణుల నమోదు, బీపీ, షుగర్ పరీక్షలు ఇక్కడి పని.

రెండో మెట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అందరూ పీహెచ్‌సీ అంటారు. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒకటి ఉండాలనేది జాతీయ ప్రమాణం. ఎంబీబీఎస్ డాక్టర్ ఉంటారు. జ్వరాలు, సాధారణ కాన్పులు, బీపీ, షుగర్ మందులు ఇక్కడ దొరకాలి.

మూడో మెట్టు నారాయణఖేడ్ పట్టణంలోని ఏరియా ఆసుపత్రి. స్పెషలిస్టులు, ఆపరేషన్ థియేటర్, ఇన్‌పేషెంట్ వార్డులు ఉండాల్సిన స్థాయి ఇది.

నాలుగో మెట్టు సంగారెడ్డి. ఇక్కడ 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. దాంతో జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి స్థాయికి చేరింది. వైద్య కళాశాల వస్తే ప్రొఫెసర్లు, డ్యూటీ డాక్టర్లు, పడకలు పెరగడం తప్పనిసరి. గతంలో నేరుగా గాంధీకో, ఉస్మానియాకో వెళ్లాల్సిన కొన్ని కేసులకు సంగారెడ్డిలోనే చికిత్స అందే వీలు ఏర్పడింది.

చివరి మెట్టు హైదరాబాద్. గాంధీ, ఉస్మానియా, పిల్లలకు నిలోఫర్, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే ఉన్నాయి. నిమ్స్ కూడా ప్రభుత్వ ఆధ్వర్యంలోనిదే, కానీ స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ. అక్కడ అన్నీ ఉచితం కాదు. ఆరోగ్యశ్రీ కార్డో, ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్వోసీనో లేకపోతే ఫీజులు కట్టాలి.

ఒక్క సర్కారే అయినా అధికారులు వేరువేరు ఎందుకు?

చాలామందికి తెలియని విషయం ఇది. ఫిర్యాదు చేయాల్సి వచ్చినప్పుడే దీని అవసరం తెలుస్తుంది.

పీహెచ్‌సీలు ప్రజారోగ్య శాఖ కింద ఉంటాయి. జిల్లాలో వాటికి బాధ్యుడు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి, అంటే డీఎంహెచ్‌వో. ఏరియా ఆసుపత్రులను వైద్య విధాన పరిషత్ చూస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1986 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. జిల్లాలో దీనికి డీసీహెచ్‌ఎస్ అనే అధికారి ఉంటారు. బోధనాసుపత్రులు వైద్య విద్య డైరెక్టర్ పరిధిలోకి వస్తాయి.

ఖేడ్ ఏరియా ఆసుపత్రిలో డాక్టర్ లేరని డీఎంహెచ్‌వోకు ఫోన్ చేస్తే "అది మా పరిధి కాదు" అనే జవాబు రావడానికి కారణం ఇదే. ముందు ఆసుపత్రి సూపరింటెండెంట్‌ను, ఆ తర్వాత డీసీహెచ్‌ఎస్‌ను అడగాలి.

'సంగారెడ్డికి రాసిచ్చిన్రు' అంటే ఏమైనట్టు?

ఖేడ్ ప్రాంతంలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. "పోంగనే చూసుడు లేదు, సంగారెడ్డికి రాసిచ్చిన్రు."

రెఫర్ చేయడం అన్నిసార్లూ నిర్లక్ష్యం కాదు. సిజేరియన్‌నే తీసుకోండి. గైనకాలజిస్టు ఒక్కరుంటే సరిపోదు. మత్తు డాక్టర్ కావాలి, బిడ్డను చూసే పిల్లల డాక్టర్ కావాలి, అవసరమైతే ఎక్కించడానికి రక్తం ఉండాలి. ఈ నలుగురిలో ఒక్కటి తక్కువైనా ఆపరేషన్ మొదలుపెట్టడం ప్రమాదం. చిన్న పట్టణాల్లో స్పెషలిస్టులు ఒకరిద్దరే ఉంటారు. ఒకరు సెలవు పెడితే ఆ విభాగమే ఆగిపోతుంది.

అయితే రెఫర్ చేసే ముందు చేయాల్సిన పనులున్నాయి. మీరు అడగాల్సినవి నాలుగు.

1. రోగి పరిస్థితిని నిలకడకు తెచ్చారా? అంటే రక్తస్రావం ఆపడం, సెలైన్, ఆక్సిజన్, తొలి ఇంజెక్షన్లు ఇచ్చారా?
2. ఎందుకు పంపుతున్నారో కాగితం మీద రాశారా? ఇప్పటివరకు ఇచ్చిన మందులు, ఇచ్చిన సమయం అందులో ఉన్నాయా?
3. అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పారా? పడక, డాక్టర్ ఉన్నారా?
4. 108 వాహనం ఏర్పాటు చేశారా?

ఈ నాలుగూ జరిగితే అది వైద్యంలో భాగమే. ఏదీ లేకుండా "తీసుకెళ్లండి" అంటే మాత్రం బాధ్యత వదిలేసినట్టే. రెండో ప్రశ్నలోని ఆ కాగితం చాలా విలువైనది. అది లేకపోతే సంగారెడ్డిలో డాక్టర్ అన్నీ మళ్లీ మొదటి నుంచి అడగాలి, పరీక్షలు మళ్లీ చేయాలి.

ప్రైవేటు అంటే అన్నీ ఒకటేనా?

కాదు. 'ప్రైవేటు హాస్పిటల్' అనే ఒక్క మాట కింద మూడు, నాలుగు రకాలున్నాయి.

ఊళ్లో ఆర్ఎంపీ అని పిలిచే వ్యక్తి ఉంటాడు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, ఇంటి మనిషిలా మాట్లాడతాడు. కానీ ఎంబీబీఎస్ డాక్టర్ కాదు. ప్రథమ చికిత్స దాటి స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయడం చట్టప్రకారం కుదరదు. పట్టణంలో ఒకరిద్దరు డాక్టర్లు నడిపే క్లినిక్‌లు, నర్సింగ్ హోంలు మరో రకం. పది, ఇరవై పడకలుంటాయి. స్పెషలిస్టు వారంలో కొన్ని రోజులే వచ్చేవీ ఉంటాయి. హైదరాబాద్‌లోని కార్పొరేట్ ఆసుపత్రులు ఇంకో రకం. వైద్య కళాశాలలకు అనుబంధంగా ట్రస్టులు నడిపే ఆసుపత్రులు నాలుగో రకం. వీటిలో ఖర్చు కొంత తక్కువగా ఉంటుంది.

ఒకరు రోగిని పంపితే ఇంకొకరు కమీషన్ ఇవ్వడం 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం నిషేధం. "నేను చెప్పిన హాస్పిటల్‌కే పోవాలె" అని ఎవరైనా గట్టిగా పట్టుబడితే, ఎందుకని అడగండి. దగ్గర్లో అదే చికిత్స ఎక్కడెక్కడ ఉందో అడిగే హక్కు మీకుంది.

ప్రైవేటు ఆసుపత్రులకు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం వర్తిస్తుంది. పార్లమెంటు 2010లో చేసిన ఈ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షుడిగా, డీఎంహెచ్‌వో కన్వీనర్‌గా ఉండే యంత్రాంగం దగ్గర ప్రతి ఆసుపత్రీ, ల్యాబూ నమోదు కావాలి. రిజిస్ట్రేషన్ పత్రాన్ని అందరికీ కనిపించేలా పెట్టాలి. ఏ సేవకు ఎంత తీసుకుంటారో స్థానిక భాషలోనూ, ఇంగ్లిష్‌లోనూ బోర్డు పెట్టాలి. రిసెప్షన్ దగ్గర ఆ బోర్డు కనిపించకపోతే ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ధరల మీద పరిమితి ఉందా?

మామూలు రోజుల్లో ప్రైవేటు ఆసుపత్రి గది అద్దెకు, ఆపరేషన్ ఫీజుకు ప్రభుత్వం గీసిన గీత లేదు. ధర ముందే చెప్పాలనే నిబంధన ఉంది. ఇంతకు మించకూడదనే నిబంధన లేదు.

అలాగని ప్రభుత్వం తలచుకుంటే ధర నిర్ణయించలేదని కాదు. కోవిడ్ సమయంలో, 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటులో రోజువారీ ఛార్జీలు ఖరారు చేసింది. ఐసోలేషన్ వార్డుకు 4,000 రూపాయలు, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో అయితే 9,000. ఆ ధరలకు మించి వసూలు చేశారనే ఫిర్యాదులూ అప్పట్లో వచ్చాయి. ధర రాసిపెట్టడం ఒక ఎత్తు, అమలు చేయించడం మరో ఎత్తు అని అప్పుడే తెలిసింది.

గుండెలో వేసే స్టెంట్‌కు, మోకాలి ఇంప్లాంట్‌కు మాత్రం 2017 నుంచి గరిష్ఠ ధర ఉంది. బిల్లులో స్టెంట్ ధర విడిగా చూపించాలి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ అడిగి తీసుకోండి.

ఆరోగ్యశ్రీ ఎక్కడ పనికొస్తుంది? ఎక్కడ రాదు?

సర్కారుకూ ప్రైవేటుకూ మధ్య వేసిన వంతెన ఆరోగ్యశ్రీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఆలోచన సూటిగా ఉంటుంది. పేద రోగి ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా బిల్లు ప్రభుత్వ ట్రస్టు కడుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. అంతకుముందు 5 లక్షలు. 2024లో మరో 163 చికిత్సలు చేర్చడంతో జాబితా 1,835కు చేరింది.

కానీ ఫోన్‌లో 'ఆరోగ్యశ్రీ ఉందిలే' అని ధైర్యం చెప్పే ముందు ఇవి గుర్తుంచుకోండి.

ఒకటి, జాబితాలో ఉన్న చికిత్సకే వర్తిస్తుంది. మామూలు జ్వరానికి ఓపీలో చూపించుకుని మందులు కొనుక్కుంటే రాదు.

రెండు, నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రే కావాలి. ఒక ఆసుపత్రి గుండె జబ్బులకు నెట్‌వర్క్‌లో ఉండి, ఎముకల విభాగానికి లేకపోవచ్చు. "ఆరోగ్యశ్రీ ఉందా?" అని కాదు, "ఈ జబ్బుకు ఆరోగ్యశ్రీ ఉందా?" అని అడగాలి.

మూడు, కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. వాటికి ప్రైవేటులో అనుమతి రాదు.

నాలుగు, ముందస్తు అనుమతి ఉండాలి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కాగితాలు పంపిస్తారు. అత్యవసరమైతే ముందు చేర్చుకుని ఫోన్‌లో అనుమతి తీసుకునే వీలుంది. కార్డు ఇంట్లో మరిచిపోయారని చేర్చుకోకపోవడం సరికాదు.

అయిదు, ప్యాకేజీలో పరీక్షలు, మందులు, ఆపరేషన్, భోజనం అన్నీ ఉంటాయి. పైగా "ఇది ప్యాకేజీలో రాదు, నగదు కట్టండి" అంటే వెంటనే ఆరోగ్యమిత్రను నిలదీయండి. 104కు ఫోన్ చేయండి.

ఇంట్లో 70 ఏళ్లు దాటినవారుంటే ఇంకో దారి ఉంది. ఆదాయంతో సంబంధం లేకుండా వారికి ఏటా 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. దానికి కార్డు విడిగా తీసుకోవాలి. ఆధార్‌తో ఫోన్‌లోనే నమోదు చేయవచ్చు. జబ్బు చేసిన రోజు కాదు, ఈ ఆదివారమే చేసేయండి.

ఆరోగ్యశ్రీ వర్తించని చికిత్సకు ప్రైవేటులో డబ్బు కట్టినవారు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జులై నుంచి ఈ దరఖాస్తులను ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారు. అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ తప్పనిసరి. కాబట్టి ఒక్క చీటీ కూడా పారేయొద్దు.

కార్డు ఉన్నా చేర్చుకోకపోతే?

ఈ వంతెనకు ఒక బలహీనత ఉంది. ప్రభుత్వం ట్రస్టుకు డబ్బు ఆలస్యంగా ఇస్తే, ట్రస్టు ఆసుపత్రులకు ఆలస్యంగా కడుతుంది. చివరికి ఆ భారం రోగి మీద పడుతుంది. 2025లో బకాయిలు చెల్లించలేదంటూ తెలంగాణలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ప్రభుత్వంతో చర్చల తర్వాత మళ్లీ మొదలుపెట్టాయి.

ఇది మన దగ్గరే ఉన్న చిక్కు కాదు. తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో 1966 నుంచి నడిచిన జాతీయ ఆసుపత్రి బీమా నిధిని తీసేసి, 2024 అక్టోబరులో కొత్త సామాజిక ఆరోగ్య సంస్థను తెచ్చారు. అక్కడా పాత బకాయిలు తీర్చలేదంటూ 2025లో ప్రైవేటు ఆసుపత్రులు బీమా కింద రోగులను చేర్చుకోవడం తగ్గించేశాయి. మనలాగే అక్కడా ప్రభుత్వ ఆసుపత్రులను మెట్లు మెట్లుగా కట్టారు, పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు నైరోబీలో పోగయ్యాయి. రాజధానికి దూరంగా ఉన్నవారికి ఈ రెంటి మధ్య నలిగిపోవడం మామూలే.

దీని నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ప్రైవేటుకు డబ్బు కట్టే పథకం ఎంత పెద్దదైనా, ఊరికి దగ్గరున్న సర్కారు దవాఖానలో డాక్టర్ ఉండటానికి అది ప్రత్యామ్నాయం కాదు. ప్రైవేటు సేవలు ఆగిన రోజు తలుపు తెరిచి ఉండేది సర్కారు దవాఖానే.

కాన్పుకు ఎక్కడికి వెళ్లాలి?

మీ చెల్లెలి కాన్పు ఖేడ్‌లోనా, సంగారెడ్డిలోనా, హైదరాబాద్ ప్రైవేటులోనా? ఇంట్లో ఇదే చర్చ జరుగుతుంటే ముందు ఈ లెక్కలు చూడండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. అదే సర్వేలో దేశ సగటు 21.5 శాతం మాత్రమే.

ప్రతి సిజేరియన్ అనవసరమని ఈ లెక్క చెప్పదు. ముహూర్తం చూసి ఆపరేషన్ అడిగే కుటుంబాలూ ఉన్నాయి. కానీ ప్రైవేటులో అయిదుగురిలో నలుగురికి కోత పడుతోందంటే, "ఎందుకు ఆపరేషన్?" అని అడిగే హక్కు మీకు ఉన్నట్టే. కారణం కేస్ షీట్‌లో రాయమనండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు పూర్తిగా ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటి నుంచి రవాణా, తిరిగి ఇంటికి చేర్చడం అన్నీ ఉచితమే. సిజేరియన్ అయినా ఇదే వర్తిస్తుంది. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేస్తే ఆ చికిత్స కూడా ఉచితం. నెలనెలా పరీక్షలకు తీసుకెళ్లేందుకు 102 వాహనాలున్నాయి. బిడ్డ పుట్టగానే ఎవరైనా చేయి చాపితే అది లంచమే. సూపరింటెండెంట్‌కు చెప్పండి.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. రక్తహీనత, బీపీ, కవలలు, ముందు కాన్పు సిజేరియన్.. వీటిలో ఏదున్నా ఎనిమిదో నెలలోనే ఎక్కడ కాన్పు చేయాలో డాక్టర్‌తో తేల్చుకోండి. నొప్పులు మొదలయ్యాక 80 కిలోమీటర్ల ప్రయాణం తల్లికీ, బిడ్డకూ ప్రమాదమే.

అత్యవసరంలో ప్రైవేటు ఆసుపత్రి వద్దనవచ్చా?

వద్దనకూడదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ప్రాణం కాపాడటమే మొదటి బాధ్యత. పోలీసు కాగితాలు తర్వాతి సంగతి. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కూడా అత్యవసర రోగిని నిలకడకు తెచ్చే చికిత్స ఇవ్వాల్సిందేనని చెబుతోంది.

మరి సర్కారు దవాఖానలో పడకల్లేవని పంపేస్తే? ఈ ప్రశ్నకు 1996లో జవాబు వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ 1992లో రైలు నుంచి పడి తలకు గాయమైంది. ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పాయి. పడక లేదని కొన్ని, వసతి లేదని కొన్ని. చివరికి ప్రైవేటులో డబ్బు కట్టి బతికాడు. సకాలంలో చికిత్స ఇవ్వకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు చెప్పి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదనే సాకు చూపి ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోలేదని కూడా అంది.

రోడ్డు ప్రమాదాలకు ఇంకో వెసులుబాటు వచ్చింది. 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందాలి. రేషన్ కార్డుతో సంబంధం లేదు. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు వెళ్లే 161వ జాతీయ రహదారి మీద రోజూ తిరిగే ఖేడ్ వాళ్లకు ఇది తెలిసి ఉండటం అవసరం. గాయపడిన మనిషిని ఆసుపత్రికి తెచ్చిన వ్యక్తిని సాక్షిగా ఉండమని ఎవరూ బలవంతపెట్టకూడదు.

బీదర్ దగ్గర కదా, అటు వెళ్లొచ్చా?

ఖేడ్ ప్రాంతం నుంచి బీదర్‌కు చూపించుకోవడానికి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. అక్కడ కర్ణాటక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి 'బ్రిమ్స్' ఉంది. ప్రాణం మీదికొస్తే రాష్ట్ర సరిహద్దు చూడక్కర్లేదు.

కానీ డబ్బు విషయంలో సరిహద్దు ఉంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ కర్ణాటకలోని ఆసుపత్రిలో దానంతటదే పనిచేయదు. కేంద్ర ఆయుష్మాన్ కార్డు ఉన్నవారికి మాత్రం దేశంలో ఎక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా చెల్లే ఏర్పాటు ఉంది. ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్‌కైతే వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

ఇక్కడే సర్కారుకూ ప్రైవేటుకూ అసలు తేడా కనిపిస్తుంది.

ప్రైవేటు ఆసుపత్రి డబ్బు తీసుకుంటుంది కాబట్టి మీరు వినియోగదారు. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి ఖరారు చేసింది. చికిత్సలో నిర్లక్ష్యం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సలహా కోసం 1915కు ఫోన్ చేయవచ్చు.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదు. అక్కడ మీరు పౌరులు. సూపరింటెండెంట్, డీసీహెచ్‌ఎస్, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి, ఆపై హైకోర్టు మీ దారులు. ప్రైవేటులో లేని ఒక ఆయుధం ఇక్కడ ఉంది, అదే సమాచార హక్కు చట్టం. ఎంతమంది డాక్టర్ల పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీ, ఏ మందులు అయిపోయాయి అని రాతపూర్వకంగా అడగవచ్చు.

డాక్టర్ వృత్తిపరమైన తప్పు చేస్తే, సర్కారైనా ప్రైవేటైనా, తెలంగాణ వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. ఎక్కడికి వెళ్లినా కేస్ షీట్ కావాలి. రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని నిబంధన. బిల్లు కట్టలేదని రోగిని, మృతదేహాన్ని ఆపడం తగదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. మందులు ఆసుపత్రి ఫార్మసీలోనే కొనాలన్న బలవంతం కూడా కుదరదు.

మరి ఆ రాత్రి ఫోన్‌కు ఏం చెప్పాలి?

మొదటి మాటకు వద్దాం. తమ్ముడికి ఇలా చెప్పండి.

"నాయినను నడిపించకు. 108కు ఫోన్ చెయ్. ఖేడ్ ఏరియా దవాఖానకు తీస్కపో. ముందు ఈసీజీ తీయించు. తీసిన కాగితం ఫొటో నాకు పంపు."

ఈసీజీలో గుండెపోటు అని తేలితే, అవసరమైన తొలి మందులు అక్కడే పడతాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా, వద్దా అన్నది డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. ఆ తర్వాత రెఫరల్ కాగితంతో, ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లో సంగారెడ్డికో, హైదరాబాద్‌కో. ఈలోగా మీరు చేయాల్సిన పని ఇక్కడ ఉంది. యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రికి ఫోన్ చేసి, పడక ఉందా, ఈ చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉందా అని కనుక్కోండి. పాము కాటుకూ ఇదే వరస. విరుగుడు ఇంజెక్షన్ సర్కారు దవాఖానలో ఉచితం. మంత్రం దగ్గరో, నేరుగా హైదరాబాద్ దారిలోనో సమయం పోగొట్టుకోవద్దు.

ఈ వారం ఊరికి వెళ్తే నాలుగు పనులు చేసి రండి. అమ్మానాన్నల రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టుల ఫొటోలు మీ ఫోన్‌లో పెట్టుకోండి. రోజూ వేసుకునే మందుల పేర్లు ఒక చీటీ మీద రాసి తలుపు వెనక అతికించండి. ఖేడ్ ఏరియా ఆసుపత్రికి ఒకసారి వెళ్లి రాత్రి పూట ఏ డాక్టర్లు ఉంటారో, ఏ పరీక్షలు జరుగుతాయో అడిగి తెలుసుకోండి. 108, 104 నంబర్లు నాన్న ఫోన్‌లో పేరుతో సేవ్ చేయండి.

ఆ రాత్రి ఫోన్ రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం, "ఏడికి తీస్కపోవాలె?" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి.